యాకోబు గారు చేతులు వెనక్కి కట్టుకున్న రోజు

ఫ్లెక్సీ విప్పగానే వాసన గుప్పుమంది. ఇంకా ఆరని రంగుల ఘాటు, ముక్కు లోపల సన్నగా గీరినట్టు. భూపాలపల్లిలో మా క్వార్టరు వరండా పొడవునా పరిచినా ఇంకా కొంత చుట్టగానే మిగిలిపోయింది. నడుమ మా చరణ్. పట్టు పంచె, నల్ల కళ్లద్దాలు, ఎలక్షన్లో గెలిచినవాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చుట్టూ మావాళ్లవీ, మా ఆయన తరఫువాళ్లవీ తలకాయలు. ఆదివారం వాడి ధోతి ఫంక్షన్. పదమూడేళ్ల పిల్లవాడికి పంచె కట్టించి, కుర్చీలో కూర్చోబెట్టి, అక్షింతలు వేసి, బంధువులందరికీ మటన్ పెట్టే వేడుక అది. వాడు పెద్దవాడయ్యాడని అందరికీ చెప్పడమన్నమాట. చెప్పడం వరకు బాగానే చెబుతాం.

ఫ్లెక్సీకి అవతల గోడకు ఆనించి నా స్కూటీ ఉంది. దానికి ఎడమవైపు అద్దం లేదు. "స్టాండు జారి వడ్డదమ్మా" అన్నాడు చరణ్ వారం కిందటే, నేను అడగకముందే. అడగకముందే చెప్పిన జవాబును నేను జన్మలో నమ్మను. స్టాండు జారితే అద్దం పగులుతుంది, సరే. ముందు మడ్‌గార్డు సందులో తోటకూర కాడ ఎలా ఇరుక్కుంటుంది? మా వీధి మలుపులో గంప పెట్టుకుని ఆకుకూరలు అమ్మే అవ్వ ఈ వారమంతా కనిపించలేదు. పక్కింటామెను అడిగితే, "ఎవడో పోరడు బండితోని గుద్ది ఆగకుంట ఉరికిండట. చెయ్యి ఇరిగిందట పాపం" అంది. ఇంటికొచ్చి ఆ కాడను వేళ్లతో లాగి చూశాను. ఎండిపోయి ఉంది. పారేయకుండా దాచిపెట్టాను. ఈ ఘాటు పీలుస్తూ ఆ బండి పక్కన కూర్చుంటే యాకోబు గారు గుర్తొచ్చారు. ఆయన దుకాణంలో ఎప్పుడూ ఇలాంటి వాసనే ఉండేది.

మేము జనగామలో ఉండేవాళ్లం. బాపుకు ఊళ్లో పొలాలు, టౌనులో ఇల్లు, నోట్లో ఎప్పుడూ రాజకీయం. ఇంటి ముందు రోడ్డు వైపున్న దుకాణం మడిగెనూ, వెనక రెండు గదులనూ కిరాయికి ఇచ్చేవాడు. నా పన్నెండో ఏట అందులోకి యాకోబు గారి కుటుంబం దిగింది. కాలిపోయిన బోరు మోటార్లకు కొత్తగా రాగితీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టి ఇచ్చే పని ఆయనది. మా వైపు బోర్లకూ మోటార్లకూ కరువు లేదు, నీళ్లకే కరువు. కాబట్టి ఆయనకు బాగా నడవాలి. కానీ వచ్చిన మొదటి వారమే ఆయన శనివారం దుకాణం మూశారు. నాట్ల కాలంలో, ఎడ్లబండి మీద మోటారు వేసుకుని వచ్చిన రైతు గుమ్మంలో నిలబడి బతిమాలుతుంటే, "రేపు పొద్దున్నే మొదట నీదే చేస్తానయ్యా, ఇవాళ మాత్రం చెయ్యను" అన్నారు. ఆ రైతు మా అరుగు మీద కూర్చుని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఆ మనిషి మీద మాకు లేని అనుమానం లేదు. మాట గుంటూరు వైపుది. సినిమాల్లో మా మాటను వెక్కిరించేవాళ్ల మాటే అది, కాబట్టి అక్కడే సగం నమ్మకం పోయింది. పేరు వింటే మా వైపు దర్గాకు మొక్కి పుట్టిన పిల్లలకు పెట్టే యాకయ్య అన్నట్టుంటుంది, కాదంటారు. ఆదివారం చర్చికి వెళ్లరు, శుక్రవారం మసీదుకు వెళ్లరు, గుళ్లో ప్రసాదం ఇస్తే దండం పెట్టి వద్దంటారు. శుక్రవారం పొద్దుగూకే వేళకు ఆయన భార్య రూతమ్మ తల మీద కొంగు కప్పుకుని, రెండు దీపాలు వెలిగించి, రెండు చేతులతో కళ్లు మూసుకుని ఏదో గొణిగేది. మా అవ్వ, బాపు వాళ్లమ్మ, ఆ దీపాలు చూసిన రోజే తేల్చేసింది. "గది బాణామతే. కండ్లు మూసుకొని దీపం ముందర ఏం పని ఆడిదానికి? మీ బాపుకు జెప్పి ఎల్లగొట్టియ్యుండ్రి." బాపు కిరాయి బాగానే వస్తోంది కదా అని ఊరుకున్నాడు. నాకు మాత్రం పని దొరికింది. మా పెరటి గోడకున్న కిటికీ నుంచి వాళ్ల గదులూ, దుకాణం వెనక భాగమూ కనిపించేవి. బడి నుంచి రాగానే పుస్తకం పట్టుకుని అక్కడ కూర్చునేదాన్ని. పుస్తకం తలకిందులుగా ఉన్నా ఎవరూ చూసేవారు కాదు.

వాళ్లకు ఒక్కడే కొడుకు, షమూయేలు. మా శ్రీనన్న ఈడువాడు, అన్నకు జిగ్రీ దోస్తు. ఆ ఏడు అన్నకు ధోతి ఫంక్షన్ చేశారు. బ్యాండు, వీడియో, టెంటు, మా ఎమ్మెల్యే మనుషులు. అన్న ఆ రోజంతా కుర్చీలో కూర్చున్నాడు, అందరూ బట్టలు పెట్టారు, మర్నాడు యథాప్రకారం పాలగ్లాసు అవ్వే వాడి నోటికి అందించింది. తరవాత వారంలోనే యాకోబు గారు దుకాణానికి తాళం వేసి, పెళ్లాన్నీ కొడుకునూ తీసుకుని వాళ్ల ఊరికి వెళ్లొచ్చారు. వచ్చాక షమూయేలు తీరు మారింది. శనివారం తప్ప రోజూ పొద్దున తెల్లటి శాలువా కప్పుకుని, నుదుటి మీద చిన్న నల్ల పెట్టె కట్టుకుని, ఎడమ చేతికి నల్ల తోలు పట్టీ చుట్టలు చుట్టలుగా చుట్టుకుని, కిటికీ వైపు తిరిగి ఏదో చదివేవాడు. నేను అవ్వను పిలిచి చూపించాను. అవ్వ నా తల చుట్టూ ఉప్పు తిప్పి పారేసింది.

షమూయేలును నిలదీశాను. వాడు దాచలేదు. గర్వంగానే చెప్పాడు. వాళ్లు యూదులట. గుంటూరు వైపు కొన్ని ఇళ్లే ఉన్నాయట. పదమూడేళ్లు నిండితే ఆ మతంలో పిల్లవాడు పెద్దవాడైనట్టట. పదిమంది పెద్ద మగవాళ్లు కూడితేగాని ఆ ప్రార్థన జరగదు గనక ఊరికి వెళ్లారట. అక్కడ వీడు ధర్మశాస్త్రం ముందు నిలబడి చదివాడట. "నేను చదివాక మా నాన్న ఏవన్నాడో తెలుసా? వీడి శిక్ష నుంచి నన్ను విడిపించిన దేవుడికి స్తోత్రం అన్నాడు. అందరి ముందూ!"

నాకు ఒళ్లు మండింది. కొడుకును కాదనుకుని, పైగా దేవుడికి దండాలా? ఈ మనిషి మీద నా అనుమానాలన్నీ నిజమేననిపించింది. నేరుగా దుకాణంలోకి వెళ్లాను. ఆయన కింద కూర్చుని మోటారు గాడిలో రాగితీగ సర్దుతున్నారు.

"సార్, మీరు షమూయేలును ఇడిసిపెట్టిండ్రా?"

"ఎవరు చెప్పారమ్మా?"

"వాడే జెప్పిండు. వాని శిక్ష మీకు వద్దన్నరట గద. కన్నతండ్రి అనే మాటేనా గది?"

ఆయన నవ్వలేదు. అదే నాకు ఆయనలో మొదటిసారి నచ్చింది. పెద్దవాళ్లు మాతో మాట్లాడేటప్పుడు ముందు నవ్వేవారు, తరవాత జవాబు చెప్పేవారు. ఈయన తీగ కింద పెట్టి, చేతులు తుడుచుకుని చెప్పారు. "ఇన్నాళ్లూ వాడు తప్పు చేస్తే దేవుడి లెక్కలో అది నాదమ్మా. సరిగ్గా పెంచలేదని నన్ను అడుగుతాడు. ఇప్పుడు వాడికి మంచీ చెడ్డా తెలుసు. ఇకనుంచి వాడు చేసింది వాడిది. మంచి చేస్తే ఆ పేరూ వాడిదే, నేను లాక్కోకూడదు. అదీ ఆ మాటకు అర్థం. అన్నం పెట్టనని కాదు."

"తప్పు జేస్తే మీరు కాపాడరా?"

"పక్కన నిలబడతాను. వాడి బదులు నిలబడను."

నాకు నమ్మకం కుదరలేదు. చెప్పడానికి బాగుంది, కానీ అవసరం పడితే ఏ తండ్రి ఊరుకుంటాడు? మా బాపును చూస్తూ పెరిగినదాన్ని నేను. అన్న బడిలో అద్దం పగలగొడితే బాపు హెడ్మాస్టరు ఇంటికి వెళ్లి మాట్లాడి వచ్చేవాడు. నేను అదే ప్రేమ అనుకునేదాన్ని. వెనక్కి తిరుగుతుంటే ఆయన అడిగారు. "నీకెన్నేళ్లమ్మా?" పన్నెండు నిండాయన్నాను. "మాలో ఆడపిల్లలకు పన్నెండే. అంటే నువ్వు మావాడికన్నా ముందే పెద్దదానివి" అని మళ్లీ తీగ అందుకున్నారు. అంతకుముందు ఆర్నెల్ల కింద నాకూ ఇంట్లో వేడుక చేశారు, చీర కట్టి కూర్చోబెట్టారు. అప్పుడు కూడా ఎవరూ ఆ మాట ఇలా చెప్పలేదు. ఇక గట్టిగా నవ్వకూడదని మాత్రం చెప్పారు.

ఆ తరవాత కొన్నాళ్లకే ఆ శనివారం వచ్చింది. మధ్యాహ్నం యాకోబు గారూ రూతమ్మా పడుకున్నారు. శనివారం వాళ్లు కరెంటు స్విచ్చు కూడా ముట్టరు. నేను నా కిటికీ దగ్గర ఉన్నాను. శ్రీనన్న, షమూయేలు దుకాణం వెనక తలుపు తీసి లోపలికి దూరారు. రాజయ్య అనే రైతు మోటారు అక్కడ కొత్తగా చుట్టి సిద్ధంగా ఉంది. అది తిరుగుతుంటే చూడాలని అన్నకు సరదా. షమూయేలు ముందు వద్దన్నాడు, తరవాత వాడే వైర్లు కలిపాడు. బటను నొక్కింది అన్న. నీళ్లలో మునిగి తిరగాల్సిన మోటారును ఒట్టిగా తిప్పితే ఏమవుతుందో వాళ్లకు తెలుసో లేదో, ఎంతసేపని తిప్పారో! పొగ వచ్చాక ఆపి పారిపోయారు. ఆ కాలిన వార్నిష్ వాసన నా కిటికీ దాకా వచ్చింది.

ఆదివారం రాజయ్య మోటారు తీసుకెళ్లి బోరులో దింపాడు. అది తిరగలేదు. మళ్లీ బయటికి లాగించి, సోమవారం బండి మీద వేసుకుని, ఊరివాళ్లతో కలిసి మా వాకిట్లో దిగాడు. "నారుమడి ఎండుతున్నది. గిదేనా నీ పని? శనారం దుకాణం బందువెట్టి ఏం మంత్రాలు సదివినవో మోటరు మీద!" అని అరిచాడు. వెనక ఎవరో బాణామతి అన్నారు. చేతబడి అన్న ఆ మాట మా వైపు ఎంతదాకా పోతుందో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. రూతమ్మ తలుపు వెనకే ఆగిపోయింది. యాకోబు గారు వంగి మోటారు వాసన చూశారు. ఆయనకు అర్థమైపోయింది. తీగ నాసిరకమని ఒక్క మాట అంటే చాలు, తప్పు తన మీద వేసుకుని మళ్లీ చుట్టి ఇవ్వొచ్చు. నేను ఆయన మొహాన్నే చూస్తున్నాను. ఇప్పుడు బయటపడుతుంది ఈయన సంగతి అనుకున్నాను.

ఆయన నిలబడి కొడుకు వైపు చూశారు. రెండు చేతులూ వెనక్కి తీసుకుని ఒకదాన్నొకటి పట్టుకున్నారు.

షమూయేలు ముందుకు వచ్చాడు. మొహం పాలిపోయింది. "మా నాన్న బాగానే చుట్టాడు. నేనే ఒట్టిగా తిప్పి కాల్చాను. శనివారం తిప్పాను." ఆ చివరి మాట రాజయ్యకు అక్కర్లేదు. తండ్రి వైపు తిరిగి చెప్పాడు.

రాజయ్యకూ నాలాగే అనుమానం రోగం. "అయ్యను కాపాడనీకి జెప్తున్నవా? ఒక్కనివే జేసినవా?" అని వాడి భుజం పట్టుకుని ఊపాడు. షమూయేలు నోరు విప్పలేదు. మా బాపు అరుగు మీదనుంచి అందుకున్నాడు. "ఇంకేంది? ఆంధ్రోళ్ల పోరడే ఒప్పుకున్నడు గద. మల్ల సుట్టిపియ్యి, లేకుంటే ఖాళీ జేయిపిస్త." శ్రీనన్న బాపు వెనక స్తంభం చాటున ఉన్నాడు. బాపు చెయ్యి వాడి తల మీద ఉంది. ఆ చెయ్యి చూసేసరికి నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"శ్రీనన్న గుడ ఉండె. బటన్ ఒత్తింది అన్ననే. నేను సూసిన" అన్నాను.

వాకిలి అంతా నా వైపు తిరిగింది. "సప్పుడు జెయ్యకు! చిన్న పోరికేం దెలుసు" అన్నాడు బాపు.

"చిన్నపిల్ల కాదండీ" అన్నారు యాకోబు గారు, చేతులు అలాగే వెనక్కి పెట్టుకుని. "ఆవిడ చూసింది ఆవిడ చెప్పింది."

నన్ను ఆవిడ అన్న మొదటి మనిషి ఆయన. బాపు అన్నను లోపలికి తోసి తలుపు వేశాడు. మా పొలంలో ఉన్న మోటారు ఒకటి రాజయ్యకు ఇప్పించి గొడవ సద్దుమణిగేలా చేశాడు. అన్న ఆ రోజు ఎవరికీ జవాబు చెప్పలేదు. ఆ మోటారు బిగించేదాకా షమూయేలు రాజయ్య వెంట వెళ్లి, పక్క బావినుంచి బిందెలతో నీళ్లు మోసి నారుమడి తడిపాడు. నాతో బాపు చాలా రోజులు మాట్లాడలేదు. నెల తిరక్కుండా యాకోబు గారిని ఖాళీ చేయించాడు. వెళ్లే రోజు ఆయన మా వాకిట్లో ఆగి, అవ్వకు కూడా దండం పెట్టి వెళ్లారు. అవ్వ దండాన్ని కూడా అనుమానంగానే చూసింది.

పెళ్లయ్యాక ఒకసారి పని మీద మహబూబాబాద్ వెళ్లాను. స్టేషన్ దగ్గర రోడ్డు దాటుతుంటే ఆ వార్నిష్ వాసన తగిలింది. వాసన పట్టుకునే వెళ్లాను. గడ్డం నెరిసింది గానీ ఆయనే. టీ తెప్పించారు. షమూయేలు ఏదో ఊళ్లో కరెంటు పని చేస్తున్నాడట, ఇద్దరు పిల్లలట. "శనివారం చెయ్యడట" అని నవ్వారు. నాకు ఎన్నాళ్లనుంచో ఉన్న అనుమానం అడిగేశాను. "నిజం జెప్పుండ్రి సార్. ఆనాడు మీకు ఏమనిపియ్యలేదా? గట్ల రాయిలెక్క ఎట్ల నిలవడ్డరు?"

"రాయా!" అన్నారాయన. "ఆ రాజయ్య వాడి భుజం పట్టుకోగానే నా ప్రాణం పోయింది. చేతులు ముందుంటే వాణ్ని లాక్కుని గుండెకు అదుముకుని, తప్పు నాదేనని చెప్పేసేవాణ్ని. అందుకే వెనక్కి పెట్టుకున్నా." టీ గ్లాసు కింద పెట్టి, "విడిపించావని దేవుడికి నోటితో చెప్పడం ఒక్కసారితో అయిపోయిందమ్మా. ఈ చేతులున్నాయే, ఇప్పటికీ మాట వినవు" అన్నారు.

పోయిన ఏడు ఆయన పోయారని తెలిసింది. ఏడ్చాను. మా శ్రీనన్నకు ఇప్పుడు నలభై దాటింది. వాడు ఎవరితో గొడవ పడినా, ఏ పని మధ్యలో వదిలేసినా, మోకాళ్లు పట్టుకుని బాపే లేచి వెళ్లి జవాబు చెప్పుకుంటాడు. బాపుకు వాడంటే ప్రాణం.

ఫ్లెక్సీ చుట్టి పక్కన పెట్టాను. బాపు ఫోన్ చేశాడు, ఫంక్షన్‌కు ఎంతమంది వస్తున్నారో చెప్పడానికి. నా గొంతు విని ఏమైందన్నాడు. దాచలేక చెప్పాను. "గింత దానికి పరేషానెందుకు బిడ్డా? నేనొస్త గద. ఆ ముసలిదానితోని నేను మాట్లాడ్త. పోరని పేరు బయటికి రావద్దు, ఫంక్షన్ కరాబైతది" అన్నాడు. అదే గొంతు, అదే చెయ్యి.

"వద్దు బాపూ. గది నీది కాదు. నాది గుడ కాదు" అని పెట్టేశాను.

చరణ్ బడి నుంచి వచ్చాడు. తోటకూర కాడ వాడి ముందు బల్ల మీద పెట్టాను. వాడు దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "స్టాండు..." అని మొదలుపెట్టాడు.

"నాకు జెప్పకు. నేను అడుగుతలేను. ఆదివారం నీకు పంచె కడ్తున్నం. కట్టుకునేటోనివి నువ్వే. ఎవరికి జెప్పాల్నో నీకే దెలుసు."

వాడు గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. బయటికి వస్తాడన్న నమ్మకం నాకు లేదు. కిటికీలోంచి దూకి పోతాడేమో అన్నంత అనుమానం. వంటింట్లో గిన్నెలు ఊరికే చప్పుడు చేస్తూ చెవులు ఇటు పెట్టాను. చీకటి పడకముందే తలుపు తెరుచుకుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చెప్పులు వేసుకుంటూ, "అమ్మా, నువ్వు గుడ రా" అన్నాడు.

"వాకిలి దాక వస్త. మాట్లాడుడు నువ్వే."

ఆకుకూరల అవ్వ ఇల్లు మలుపు వెనకే. తడికె దాటి వాడు లోపలికి వెళ్లాడు, నేను బయట ఆగిపోయాను. కట్టుకట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని అవ్వ మంచం మీద కూర్చుని ఉంది. పక్కన ఆమె కొడుకు, బలిష్ఠమైన మనిషి. వీణ్ని చూసి లేచి నిలబడ్డాడు. నా కాలు దానంతటదే తడికె వైపు పడింది. రెండు చేతులూ వెనక్కి లాక్కుని, గాజులు ఒత్తుకునేలా బిగించి పట్టుకున్నాను.

"అవ్వా" అన్నాడు చరణ్. "గుద్దింది నేనే."

చేతులు మాట వినడం లేదు. ఇంకా గట్టిగా పట్టుకున్నాను.